మాస్కో మ్యూల్‌లో గ్యాసు ఎందుకు నిలవదు?

మాస్కో మ్యూల్ అనే కాక్‌టెయిల్‌లో పడేవి మూడే: వోడ్కా, నిమ్మరసం, జింజర్ బీర్ అనే ఘాటైన అల్లం సోడా. పేరులో మాస్కో ఉన్నా పుట్టింది 1940ల మొదట్లో, అమెరికాలో. అక్కడ అప్పటికి ఎవరికీ పట్టని వోడ్కాను అమ్మాలని చూస్తున్న జాన్ మార్టిన్, లాస్ ఏంజెలెస్ బార్ యజమాని జాక్ మోర్గాన్ దీన్ని జనంలోకి తెచ్చారు. అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం కొలత ఇది: 45 మి.లీ. వోడ్కా, 120 మి.లీ. జింజర్ బీర్, 10 మి.లీ. నిమ్మరసం. ఇంత తేలికైన కొలతతోనూ చాలాసార్లు పానీయం చప్పగా వస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ గ్యాసు పోవడమే.

నాలుక మీద ఆ చురుకు బుడగలు పగలడం వల్ల రాదు. నోట్లోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఆ గ్యాసును, అంటే కార్బన్ డయాక్సైడును, ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం నొప్పి నరాలను తాకుతుంది. పీడనం పెంచి, బుడగలే రాని గదిలో తాగించి చూసినా చురుకు తగ్గలేదు. అల్లం ఘాటు దారి వేరు. దానిలోని జింజెరాల్, మిరప కారం తగిలే గ్రాహకానికే తగులుతుంది. గ్యాసు పోయిందంటే తీపీ అల్లం మంటా మాత్రమే మిగులుతాయి.

మరి గ్యాసు ఎలా పోతుంది? బుడగ ఊరికే పుట్టదు. ద్రవం తలతన్యత, అంటే దాని ఉపరితలం సాగదీసిన పొరలా బిగిసి ఉండే గుణం, దాన్ని చుట్టూ నొక్కుతుంటుంది. బుడగ ఎంత చిన్నదైతే నొక్కుడు అంత ఎక్కువ. రబ్బరు బుడగ ఊదేటప్పుడు మొదటి ఊపిరే కష్టం కదా, అలాగన్నమాట. తలతన్యతను రెండింతలు చేసి వ్యాసార్థంతో భాగిస్తే ఆ పీడనం తేలుతుంది. నీటి తలతన్యత మీటరుకు 0.07 న్యూటన్లు. 10 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న బుడగ నిలవాలంటే 140 అట్మాస్ఫియర్లు, అంటే మామూలు గాలి పీడనానికి 140 రెట్లు కావాలి, ఒక మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) బుడగకు 1.4 చాలు. అందుకే బుడగలు ముందే గాలి చిక్కుకుని ఉన్న సన్నని సందుల్లోనే మొదలవుతాయి: నిమ్మ తొనల పిప్పి, అల్లం పీచు, ఐసు మీది మంచు పొడి, మగ్గు లోపలి గీతలు.

ఇప్పుడు వేడి సంగతి. లీటరుకు 8 గ్రాముల గ్యాసున్న సీసాలో 5 డిగ్రీల దగ్గర ఆ గ్యాసు పీడనం దాదాపు 2.9 అట్మాస్ఫియర్లు. బయటి గాలి పీడనం తీసేస్తే 1.9. దాంతో ముప్పావు మైక్రాన్ కంటే పెద్ద సందులు మాత్రమే బుడగలు విడుస్తాయి. అదే సీసా 30 డిగ్రీల దగ్గర తెరిస్తే మిగులు పీడనం 5 దాటుతుంది, 0.3 మైక్రాన్ల సందులు కూడా పనిలోకి దిగుతాయి. దీనికి వోడ్కా తోడు. కలిపాక ఆల్కహాలు పది శాతం దాకా ఉంటుంది, తలతన్యత 0.05కు పడిపోతుంది. అంటే ఇంకా చిన్న సందులు మేలుకుంటాయి.

చేసే పద్ధతి మొత్తం ఈ లెక్కలోంచే వస్తుంది. వోడ్కాను ఫ్రీజర్లో పెట్టండి, గడ్డకట్టదు. జింజర్ బీర్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. నిమ్మరసాన్ని సన్నని జల్లెడలో వడకట్టండి. పెద్ద ఐసు ముక్కలను చన్నీళ్లతో ఒకసారి కడిగి, ఆ నీళ్లు పారబోయండి. మంచు పొడి కరిగి ముక్క నున్నబడుతుంది. ముందు వోడ్కా, నిమ్మరసం ఐసు మీద పోసి పది సెకన్లు తిప్పండి. జింజర్ బీర్ చివర్లో, మగ్గు వాలుగా పట్టి, అంచు వెంట నెమ్మదిగా పోయండి. చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపితే చాలు. షేకర్లో జింజర్ బీర్ వేయకూడదు. జింజర్ ఏల్ దీనికి బదులు కాదు, అందులో ఘాటు చాలదు.

ఈ పానీయాన్ని రాగి మగ్గులో ఇవ్వడం ఆనవాయితీ. ఆ మగ్గు బుడగలు పెంచుతుందని, ఒంటికి మేలని చెప్పేవన్నీ నమ్మకాలే. రాగి ఉష్ణవాహకత స్టీలుకు పాతిక రెట్లు, అందుకే పెదవికి అంత చల్లగా తగులుతుంది. చేతి వేడి కూడా అంతే వేగంగా లోపలికి పోతుంది. పిడి పట్టుకుని తాగండి. పీహెచ్ 6 కంటే తక్కువ ఉన్న, అంటే పులుపున్న ఆహారం ఉత్త రాగికి తగలకూడదని అమెరికా ఆహార నియమావళి చెబుతుంది. 2017లో అయోవా రాష్ట్రం ఈ పానీయం పేరెత్తి మరీ హెచ్చరించింది. మన ఇళ్లలో పులుసు కాచే గిన్నెకు కళాయి పూయించేది ఇందుకే. మగ్గుకూ లోపల తగరమో స్టీలో ఉండాలి.

జింజర్ బీర్ ఇంట్లో చేసుకోవచ్చు. లీటరు నీళ్లలో 100 గ్రాముల పంచదార మరిగించి దించాక, 60 గ్రాముల పచ్చి అల్లం తురుము వేయండి. అల్లాన్ని ఎక్కువసేపు మరిగిస్తే జింజెరాల్ ఘాటు తక్కువైన జింజెరోన్‌గా మారుతుంది. గంటయ్యాక గుడ్డలో వడకట్టి, గోరువెచ్చనయ్యాక ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఈస్ట్ కలిపి, నాలుగు వేళ్ల ఖాళీ వదిలి ప్లాస్టిక్ సోడా సీసాలో పోయండి. గాజు సీసా వద్దు. మనకు కావలసిన 8 గ్రాముల గ్యాసుకు 16 గ్రాముల పంచదార చాలు. ఈస్ట్ మొత్తం వందా తినేస్తే 25 లీటర్లకు పైగా గ్యాసు పుట్టి సీసా పేలుతుంది. వేసవిలో ఒక రోజుకే సీసా నొక్కితే రాయిలా అవుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. చలిలో ఈస్ట్ చావదు, మందగిస్తుంది అంతే. రోజూ ఒకసారి నొక్కి చూడండి, గట్టిగా ఉబ్బితే మూత కొద్దిగా వదులు చేయండి, వారంలోపు వాడేయండి. పోసేటప్పుడు అడుగున పేరుకున్న మడ్డి సీసాలోనే ఉండనివ్వండి, అది కలిస్తే గ్యాసు పొంగి పోతుంది.