ఇసుక పట్టు

జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి తొమ్మిదో తరగతి అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న దుబాయ్‌లో షట్టరింగ్ పని చేస్తాడు. సెలవు రోజున సముద్రం ఒడ్డుకు వెళ్లి, తెరచాపలా ఉండే బుర్జ్ అల్ అరబ్ హోటల్‌ను వీడియో కాల్‌లో చూపించాడట. "సార్, అక్కడంతా ఇసుకే కదా. అంత బరువు బిల్డింగ్ లోపలికి దిగిపోదా?" అని అడిగాడు.

ఆ పూటంతా నాకు వేరే ధ్యాస లేదు. ఆ హోటల్ గురించి ఎవరు రాసినా బంగారు రేకుల గురించి, గది అద్దె గురించి రాస్తారు. ఎత్తు 321 మీటర్లనీ, 1999 డిసెంబరులో తెరిచారనీ, టామ్ రైట్ డిజైన్ చేశాడనీ చెబుతారు. నాకు మాత్రం అసలు అద్భుతం దాని కింద ఉంది. తీరానికి 280 మీటర్ల దూరంలో, సముద్రంలో ఒక దీవిని తయారుచేసి దాని మీద కట్టారు. అక్కడ అడుగున ఆనుకోవడానికి గట్టి బండ లేదు. ఇసుక, ఒండ్రు ఉన్నాయి. అందులోకి 40 మీటర్ల పొడవున్న కాంక్రీట్ పైల్స్‌ను, అంటే భూమిలోకి దించే పునాది స్తంభాలను, రెండు వందలకు పైగా దించారు. వాటిని నిలబెడుతున్నది చుట్టూ ఉన్న ఇసుక పట్టు.

నమ్మకం కలగకపోతే వంటింట్లోకి వెళ్లండి. మూతి సన్నగా ఉన్న సీసాలో నిండుగా బియ్యం పోయండి. సీసాను నేలకు మెల్లగా తట్టి, బియ్యం కుదురుకున్నాక ఇంకాస్త పోయండి. ఇప్పుడు చెక్క గరిటె కాడను అందులో గుచ్చి తీస్తూ, మళ్లీ గుచ్చుతూ ఉండండి. మొదట సులువుగా దిగుతుంది, తర్వాత మొరాయిస్తుంది. అప్పుడు గరిటె పట్టుకుని పైకెత్తితే సీసా మొత్తం గాల్లోకి లేస్తుంది! జిగురు లేదు, మేకు లేదు. గింజకు గింజ, గింజకు కాడ ఒరుసుకోవడం తప్ప ఇంకేమీ లేదు.

ఇదే పని ఇసుక భూమిలో చేస్తుంది. పై పొరల బరువు కింది ఇసుకను నొక్కుతుంది. నొక్కుడు పడిన ఇసుక పక్కకు తోస్తుంది. ఆ తోపుడే పైల్ ఒంటిని బిగించి పట్టుకుంటుంది. లోతుకు పోయేకొద్దీ బిగింపు పెరుగుతుంది. చేతి లెక్క ఒకటి చూద్దాం. నీళ్లలో మునిగిన ఇసుక నికర బరువు ఘనపు మీటరుకు సుమారు ఒక టన్ను. 40 మీటర్ల లోతులో చదరపు మీటరు మీద నొక్కుడు 40 టన్నులు. అందులో సగం పక్కకు తోస్తుందనుకుంటే 20. ఘర్షణ గుణకం, అంటే ఆ తోపుడులో పట్టుగా మారే వంతు, 0.5 అనుకుంటే పట్టు 10 టన్నులు. పైన సున్నా, అడుగున 10. కాబట్టి సగటున పైల్ చర్మం మీద ప్రతి చదరపు మీటరుకూ 5 టన్నుల పట్టు. పాత బోరు కేసింగ్ పైపును పీకడానికి ప్రయత్నించిన రైతుకు ఈ లెక్క చేతులతో తెలుసు.

ఈ పట్టులో నాకు మరీ ఇష్టమైన సంగతి ఇంకోటి ఉంది. అది రెండు వైపులా పనిచేస్తుంది. పైల్ అడుగున బండ ఉంటే, ఆ బండ కిందికి దిగకుండా ఆపుతుందే కానీ పైకి లేవకుండా ఆపలేదు. సముద్రపు గాలి తెరచాప లాంటి బిల్డింగ్‌ను ఒక పక్కకు తోసినప్పుడు, గాలి వచ్చే వైపు పైల్స్ పైకి లేవబోతాయి. అప్పుడు కూడా వాటిని వదలకుండా పట్టుకునేది ఘర్షణే. బడిలో మనం ఘర్షణ అనగానే "శక్తి నష్టం, నూనె వేసి తగ్గించాలి" అని చెప్పి ముగిస్తాం. ముప్పై ఏళ్లు నేనూ అలాగే చెప్పాను. ఆ పాఠం బియ్యం సీసాతో మొదలుపెట్టాల్సింది.

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా సంగతి కొంచెం వేరు. దాని పైల్స్ వదులు ఇసుకలో ఆగిపోలేదు. సున్నపు ఒండ్రు తనంతట తాను గట్టిపడి ఏర్పడిన మెత్తరాయిలోకి దిగాయి. అయినా సూత్రం అదే. టవర్ కింద 3.7 మీటర్ల మందం కాంక్రీట్ పలక, దాని కింద 192 పైల్స్. ఒక్కోటి 1.5 మీటర్ల వ్యాసం, సుమారు 43 మీటర్ల పొడవు. ఒక్కో పైల్ మోయాల్సింది 3,000 టన్నులు. అంత బరువూ అడుగు మీదే పడితే, ఆ 1.77 చదరపు మీటర్ల చోటులో ఒక్కో చదరపు మీటరుకు దాదాపు 1,700 టన్నులు. మెత్తరాయి తట్టుకోలేదు. అదే బరువును పైల్ చర్మం మీద పరిస్తే? చుట్టుకొలతను పొడవుతో గుణించండి. 200 చదరపు మీటర్లు దాటుతుంది. అంటే చదరపు మీటరుకు 15 టన్నులే! ఆ రాయి జారిపోకుండా పట్టగలిగేది చదరపు మీటరుకు 25 నుంచి 35 టన్నుల దాకా అని ఇంజనీర్లు లెక్కగట్టారు. పరీక్ష పైల్ మీద 6,000 టన్నులకు పైగా బరువు మోపి చూశారు కూడా.

ఆ పట్టు చెడకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. రంధ్రం తవ్వేటప్పుడు గోడలు కూలకుండా సాధారణంగా బెంటొనైట్ అనే బంకమట్టి ద్రావణం నింపుతారు. అది గోడ మీద పల్చని జారుడు పొర వదలొచ్చు. ఇక్కడ దాని బదులు పాలిమర్ ద్రావణం వాడారు. తర్వాత గొట్టంతో అడుగు నుంచి కాంక్రీట్ నింపుకుంటూ వచ్చారు.

మన దగ్గర ఇల్లు మొదలుపెట్టేటప్పుడు గుమ్మం ఏ దిక్కున ఉండాలో నలుగురిని అడుగుతాం, మట్టి పరీక్ష మాత్రం చేయించం. నల్లరేగడిలో కట్టిన మా బంధువుల ఇంటి గోడ నిలువునా పగిలింది. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే మట్టి అది. గేటు స్థానం మార్చమన్నారు, మార్చారు. మరుసటి వేసవికి పగులు ఇంకా పెద్దదైంది. ఆ గేటుకు పెట్టిన డబ్బుతో మట్టి పరీక్ష అయిపోయేదని నాకిప్పటికీ బాధే.

ఇదంతా విన్నాక అబ్బాయి ఇంకో ప్రశ్న వేశాడు. "మరి అంత ఇసుక ఉంది కదా సార్, కాంక్రీట్ కూడా దాంతోనే కలిపారా?" లేదు. ఎడారి ఇసుక మామూలుగా కాంక్రీట్‌కు పనికిరాదు. వేల ఏళ్లు గాలికి దొర్లి దొర్లి ఒకదాన్నొకటి రాసుకోవడంతో గింజల మూలలు అరిగి గుండ్రమయ్యాయి, మరీ సన్నబడ్డాయి. దుబాయ్ తీరంలో మనుషులు చేసిన పామ్ జుమేరా దీవిని పోయడానికి కూడా పక్కనే ఉన్న ఎడారిని కాదని సముద్రం అడుగు నుంచి ఇసుక తోడారు. పోసిన తర్వాత యంత్రాలతో కంపింపజేసి గింజలను కుదించారు. మనం సీసాను నేలకు తట్టినట్టే.

"గింజ గుండ్రంగా ఉంటే ఏమవుతుంది సార్?" అన్నాడు. సీసాలో బియ్యం తీసేసి ఆవాలు పోసి చూడమన్నాను. అరగంటకు మళ్లీ ఫోన్ మోగింది. గరిటె ఒక్కటే పైకి వచ్చిందట.