అడవి పాఠం: మార్లవాయి నుంచి మేడారం దాకా

అడవి వారసత్వాన్ని పిల్లలకు మ్యూజియంలలో ఎలా నేర్పాలన్న చర్చ ఉత్తర తెలంగాణకు కొత్తదేమీ కాదు. దాని వెనుక ఒక తిరుగుబాటు ఉంది.

రిజర్వు అడవుల హద్దులు గీసి, తరతరాలుగా సాగు చేసుకుంటున్న గోండులను వెళ్లగొట్టడంతో రగిలిన పోరాటంలో 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల గోడు పట్టించుకుంది. కారణాలు తెలుసుకోవడానికి పిలిపించిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భూమి హక్కులతో పాటు చదువు గురించీ పట్టుబట్టాడు. 1943లో గోండుల ఊరు మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి, గోండు యువకులే పంతుళ్లయ్యారు. ఎనభై ఏళ్ల కిందటి ఆ ఆలోచన నేటి చాలా ప్రదర్శనశాలల కన్నా ముందుంది.

తర్వాతి దశాబ్దాల్లో అడవి సంపద రాజధాని దారి పట్టింది. ప్రాణహిత తీరంలోని యామన్‌పల్లి దగ్గర 1970లలో తవ్వి తీసిన కోటాసారస్ రాక్షసబల్లి అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. తన ఊరి నేలలో దొరికిన దాన్ని చూడాలంటే అక్కడి పిల్లవాడు రైలెక్కాలి. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

2016లో జోడేఘాట్‌లో కుమురం భీం మ్యూజియం ప్రారంభమైంది. సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మేడారంలోనూ ఆదివాసీ మ్యూజియం వెలిసింది. కట్టడాలు ఊళ్లకు వచ్చాయి. పాఠం మాత్రం ఇంకా రావలసే ఉంది.

కోయల పడిగెనే తీసుకోండి. గుడ్డపై బొమ్మలతో ఉండే ఆ త్రికోణపు జెండాలో ఒక్కో గట్టు (కోయల వంశ శాఖ) పూర్వీకుల కథ ఉంటుంది. కోయల కథా గాయకులైన డోలీలు దాన్ని విప్పి, వాయిద్యాలతో పాడుతూ వినిపిస్తేనే అది చరిత్ర అవుతుంది. అద్దాల వెనుక వేలాడదీసి కింద రెండు వాక్యాల చీటీ అంటిస్తే పిల్లలకు రంగుల గుడ్డే మిగులుతుంది. గోండుల కథలను కిక్రీ అనే తీగ వాయిద్యం వాయిస్తూ చెప్పే ప్రధాన్‌ల విషయమూ అంతే. ఇప్పపువ్వు రాలే కాలంలో పిల్లలను చెట్టు కిందికే తీసుకెళ్లి, ఏరే ముందు చేసే పూజ ఏమిటో ఆ ఊరి పెద్దల నోటనే వినిపించవచ్చు. దానికి గది కూడా అక్కర్లేదు.

చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. కోయ చరిత్రను కంఠస్థం చేసిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య, మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య గురువు కనకరాజు ఇద్దరూ పద్మశ్రీలే. ఇద్దరూ 2024లోనే కన్నుమూశారు.

ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం లభించింది. మేడారం అదే జిల్లాలో ఉంది. ఆ విశ్వవిద్యాలయం, మ్యూజియం కలిసి డోలీలను, ప్రధాన్‌లను అతిథులుగా కాక నెల జీతమిచ్చే గురువులుగా నియమించాలి. పాఠం కోయ, గోండి భాషల్లోనే మొదలుపెట్టాలి.