మెట్ల గ్రిల్‌కు తాళం వేస్తే పిల్లలు క్షేమమా?

అగ్నిమాపక శాఖలో పనిచేసి బయటికొచ్చాక స్కూళ్లలో మాక్ డ్రిల్స్ చేయిస్తున్నాను. ఏ స్కూలుకు వెళ్లినా కరస్పాండెంట్ గారు ముందు చూపించేవి తాళాలే. "మెయిన్ గేటు, మెట్ల గ్రిల్, వెనక తలుపు, అన్నీ లాక్ సార్. బయటివాడు ఒక్కడు కూడా రాలేడు." మరి లోపలున్న పిల్లలు బయటికి ఎలా వస్తారని అడిగితే జవాబు ఉండదు.

అపోహ: తాళం వేస్తే పిల్లలు క్షేమం.

వాస్తవం: 1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో స్కూలు వార్షికోత్సవం జరుగుతుండగా షామియానా అంటుకుంది. బయటపడే దారి లేక 400 మందికి పైగా చనిపోయారు, సగానికి పైగా పిల్లలే. 2004 జూలై 16న కుంభకోణంలో వంటగదిలో పుట్టిన మంట తరగతుల పూరికప్పుకు పాకింది. మెట్లు ఇరుకు. 94 మంది పిల్లలు పోయారు. ఆ తర్వాత పడిన కేసులోనే 2009లో సుప్రీంకోర్టు స్కూళ్లన్నీ అగ్నిప్రమాద జాగ్రత్తలు పాటించాల్సిందేనని తీర్పిచ్చింది.

తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా నేను చూసింది చెబుతాను. నాలుగంతస్తుల స్కూలు. బెల్ కొట్టించి స్టాప్‌వాచ్ నొక్కాను. పిల్లలు లైన్‌గా రెండో మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయారు. గ్రిల్‌కు తాళం. వాచ్‌మన్ పరుగున వచ్చాడు, చేతిలో పాతిక తాళంచెవుల గుత్తి. ఒక్కొక్కటీ పెట్టి తిప్పుతుంటే ఆయన చేతులు వణుకుతున్నాయి. తెరుచుకునేసరికి నాలుగు నిమిషాల పది సెకన్లు. అంతసేపూ ముందున్న రెండో తరగతి పాప గ్రిల్ కడ్డీలు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. మంటకన్నా ముందు పొగ చంపుతుంది. నిజంగా పొగ కమ్మి ఉంటే ఆ పాప దక్కేది కాదు.

"తాళం తీస్తే మా బాబు రోడ్డెక్కేస్తాడేమో సార్" అని ఒకమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె భయం నాకు అర్థమైంది. అమ్మా, మెట్ల గ్రిల్ తెరిస్తే బాబు చేరేది గ్రౌండ్‌కే. రోడ్డు వైపు కాంపౌండ్ గేటు దగ్గర మాత్రం బడి నడిచినంతసేపూ మనిషి ఉండాలి, వచ్చినవాళ్ల పేరు రాసుకోవాలి.

ఇంకో మాట. పోక్సో కేసుల్లో, అంటే పిల్లలపై లైంగిక వేధింపుల కేసుల్లో, నిందితులు 90 శాతానికి పైగా పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కలు చెబుతున్నాయి. వాళ్లను ఏ తాళం ఆపుతుంది? "విషయం బయటపడితే స్కూలు పేరు పోతుంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ నడిపేవాళ్లు దాస్తే ఏడాది వరకు జైలు.

డ్రిల్ చేస్తే పిల్లలు భయపడతారన్నది కూడా నిజం కాదు. ముందే చెప్పి చేస్తే ఆటలా నేర్చుకుంటారు, టెన్షన్ అంతా పెద్దవాళ్లదే.

పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ రాగానే వందమంది గేటు మీద పడతారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల నిజంగా ఏదైనా జరిగి ఉంటే ఫైరింజన్‌కు, 108కు దారి ఉండదు. ముందు స్కూలుకు ఫోన్ చేయండి, అనుమానముంటే 112కు చేయండి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల సంగతి అడిగాక రెండో మెట్ల దాకా నడవండి. గ్రిల్‌ను ఒకసారి లాగి చూడండి. తాళం ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగి, అది వచ్చేదాకా అక్కడే నిలబడండి.