క్విన్సీ మాజీ సభ్యుడు, షికాగో కరెంటు కంపెనీ

షికాగో శివార్లలో, అరోరా బాలాజీ గుడి చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలకు నెలనెలా కరెంటు బిల్లు పంపేది కామన్‌వెల్త్ ఎడిసన్. అందరూ కామ్‌ఎడ్ అంటారు. ఉత్తర ఇలినాయ్‌లో సుమారు 40 లక్షల కనెక్షన్లు దానివే. ఆ కంపెనీ 2020లో 20 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. దాని వెనక ఉన్న కథ 1970ల్లో మొదలైంది.

అప్పట్లో ఇలినాయ్ ప్రతినిధుల సభలో ఇద్దరు యువ డెమొక్రాట్లు స్నేహితులయ్యారు. ఒకరు షికాగోకు చెందిన మైకేల్ మాడిగన్, ఇంకొకరు మిసిసిపీ ఒడ్డునున్న క్విన్సీ నుంచి వచ్చిన మైకేల్ మెక్‌క్లెయిన్. 1980లో ఓటర్లు ఆమోదించిన సవరణతో సభ సీట్లు 177 నుంచి 118కి తగ్గాయి. ఆ లెక్కన జరిగిన 1982 ఎన్నికల్లో మెక్‌క్లెయిన్ ఓడిపోయారు. మరుసటి జనవరిలో మాడిగన్ స్పీకర్ అయ్యారు, అంటే ఏ బిల్లు ముందుకు కదలాలో తేల్చే మనిషి. మధ్యలో రెండేళ్లు తప్ప 2021 దాకా ఆ కుర్చీ ఆయనదే.

మెక్‌క్లెయిన్ లాబీయిస్టు అయ్యారు, అంటే డబ్బిచ్చే కంపెనీల తరఫున చట్టసభ సభ్యులను ఒప్పించే పని. ఆయన క్లయింట్లలో కామ్‌ఎడ్ ఒకటి. పదవి పోయాక ఈ పనిలో దిగే ముందు ఇన్నాళ్లు ఆగాలన్న నిబంధన ఇలినాయ్ సభ్యులకు అప్పుడు లేదు. స్పీకర్ దగ్గర ఆయనకున్న చనువుకే కంపెనీ డబ్బులిచ్చిందని నేను నమ్ముతాను.

2011లో స్మార్ట్ గ్రిడ్ చట్టం, 2016లో ఇంకో విద్యుత్ చట్టం వచ్చాయి. రెండూ కంపెనీకి కలిసొచ్చాయి. 2011 నుంచి 2019 దాకా మాడిగన్ మనుషులకు ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఇప్పించామని కామ్‌ఎడ్ తర్వాత ఒప్పుకుంది. పనంటూ పెద్దగా చేయకుండానే కొందరు నెలనెలా చెక్కులు అందుకున్నారు. మొత్తం 13 లక్షల డాలర్లు.

ఎఫ్‌బీఐ మెక్‌క్లెయిన్ ఫోన్ ట్యాప్ చేసింది. ఆ సంభాషణల్లో స్పీకర్ పేరు పలకడం అరుదు. 'మన స్నేహితుడు' అనేవారు, లేదంటే 'ఆయనే'. కంపెనీలోని ఒక పెద్ద అధికారి 2019లో ఎఫ్‌బీఐ తరఫున రహస్య కెమెరాతో వచ్చి, ఆ చెక్కుల సంగతి ఎలా చెప్పాలని అడిగితే, ఏదీ కాగితం మీద పెట్టొద్దని మెక్‌క్లెయిన్ సలహా ఇచ్చారు. ఎన్నో ఏళ్లు చట్టాలు చేసే సభలో కూర్చున్న మనిషి నోటి నుంచి ఆ మాట వినడం బాధగా ఉంటుంది.

2023 మేలో జ్యూరీ ఆయన్ను, కంపెనీ మాజీ సీఈవోను, మరో ఇద్దరిని దోషులుగా తేల్చింది. సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన తీర్పు వల్ల లంచం అభియోగాలు కొన్ని కొట్టేసినా, కుట్ర, తప్పుడు లెక్కల నేరాలు నిలబడ్డాయి. వేరుగా జరిగిన విచారణలో మాడిగన్‌కు 2025 జూన్‌లో ఏడున్నరేళ్ల శిక్ష పడింది. జులైలో, 77 ఏళ్ల వయసులో, మెక్‌క్లెయిన్‌కు రెండేళ్లు.

ఈలోగా 2021లో ఇలినాయ్ చట్టం మార్చింది. పదవి వదిలిన సభ్యుడు లాబీయింగ్ మొదలుపెట్టే ముందు ఆగాల్సింది ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు. సభ్యుల నైతికతపై నిఘా ఉంచాల్సిన ఇన్‌స్పెక్టర్ జనరల్ కరోల్ పోప్, ఈ సంస్కరణలు చాలవంటూ రాజీనామా చేశారు.