చివరి రోజు వాన ఎక్కడికి పోయింది? ప్యాడింగ్ మీద అపోహలు - వాస్తవాలు

సిరొంచలో సాయంత్రాలు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుతుంటాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలు. చాలామంది తడబడేది ఒకే చోట: లిస్టును ఒకదాని మీదికి ఒకటి ఎక్కే ముక్కలుగా కోసినప్పుడు, చివర్లో. ప్రాణహిత ఒడ్డున ఉన్నాం కాబట్టి వాన లెక్కతోనే చెబుతాను. ఎనిమిది రోజుల వాన మిల్లీమీటర్లలో ఇలా ఉందనుకుందాం: 3, 0, 12, 8, 20, 45, 60, 90. ముక్కకు మూడు రోజులు, స్టెప్ రెండు, అంటే ఒక ముక్క మొదలైన రెండు రోజులకు తర్వాతి ముక్క మొదలవుతుంది. విలువలు చాలని కొసల్లో మనం చేర్చే అదనపు విలువలే ప్యాడింగ్.

అపోహ: ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి కదా, ఏ విలువా పోదు.

వాస్తవం: ముక్కలు 1, 3, 5 రోజుల దగ్గర మొదలవుతాయి. 7వ రోజున మొదలవ్వాల్సిన దానికి రెండే విలువలు మిగులుతాయి. వోల్‌ఫ్రామ్, క్లోజర్ అనే ప్రోగ్రామింగ్ భాషలు రెండిటిలోనూ పార్టిషన్ అనే ఫంక్షన్, మనం ఇంకేమీ చెప్పకపోతే, ఆ ముక్కను ఎర్రర్ కూడా చూపకుండా వదిలేస్తుంది. పోయింది 90 మిల్లీమీటర్లు పడిన రోజు! వరద కోసం లెక్క వేసేవాడికి అన్నిటికంటే ముఖ్యమైన రోజు అదే.

అపోహ: ఖాళీలో సున్నా పెట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: అప్పుడు చివరి ముక్క 60, 90, 0. సగటు 50. నిజంగా చేతిలో ఉన్న రెండు రోజుల సగటు 75. వాన లెక్కలో సున్నా అంటే 'ఆ రోజు చినుకు పడలేదు' అని. మనం చెప్పాల్సింది 'ఆ రోజు ఇంకా రాలేదు' అని. ఈ రెండూ ఒకటి కావని పిల్లలకు ఎన్నిసార్లయినా చెబుతాను. పైథాన్‌లో మోర్ ఇటర్‌టూల్స్ లైబ్రరీలోని విండోడ్ ఫంక్షన్ ఖాళీలో నన్ (None), అంటే 'విలువ లేదు' అనే గుర్తు పెడుతుంది. దాన్ని అలాగే కూడబోతే ఎర్రర్ వస్తుంది. రానివ్వండి, తప్పు సగటు కంటే అదే నయం.

అపోహ: మనం ప్యాడింగ్ విలువ ఇవ్వకపోతే ఏదీ చేరదు.

వాస్తవం: వోల్‌ఫ్రామ్ పార్టిషన్‌కి నాలుగో ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కి మనం అందించే విలువను ఆర్గ్యుమెంట్ అంటారు) 1 ఇచ్చి ఊరుకుంటే లిస్టు మళ్లీ మొదటికి తిరుగుతుంది. చివరి ముక్క 60, 90, 3 అవుతుంది. వారం రోజుల పేర్లకైతే అది సరైనదే, వానకు కాదు. ఐదో ఆర్గ్యుమెంట్‌గా ఖాళీ లిస్టు ఇస్తే 60, 90 అని పొట్టి ముక్కగానే ఉంచుతుంది.

అపోహ: స్టెప్ ఒకటైతే ప్యాడింగ్‌తో పనే లేదు.

వాస్తవం: విలువ ఏదీ పోదు, నిజమే. ఆరు ముక్కలు వస్తాయి. కానీ గూన పెంకుల కప్పు గుర్తు తెచ్చుకోండి: నడుమంతా ఒకదాని మీద ఒకటి, చూరు దగ్గర ఒంటి పెంకే. ఇక్కడా అంతే. నడిమి రోజులు మూడేసి ముక్కల్లో ఉంటే మొదటి రోజు, చివరి రోజు ఒక్కొక్క ముక్కలోనే ఉంటాయి. రెండు కొసల్లో రెండేసి ఖాళీలు చేరిస్తే పది ముక్కలై, ప్రతి రోజూ మూడింటిలోకి వస్తుంది.

క్లోజర్ వాడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. అందులో ప్యాడింగ్ ఇచ్చినా నిండేది ఒకే ఒక్క ముక్క, ఆ తర్వాత ఆగిపోతుంది. ఇచ్చిన ప్యాడింగ్ చాలకపోతే ఆ ముక్క కూడా పొట్టిగానే మిగులుతుంది.