బోనమెత్తిన సైకిలు

బిడ్డా చిట్టీ, నీతోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ,

మొన్న ఫోన్‌లో ఏడ్చుకుంటూ అడిగావు: "తాతా, స్టాండు తీస్తే సైకిలు పడిపోతది గదా, నాన్న తొక్కితే ఎందుకు పడది?" మోకాలు దోక్కుపోయిన కోపంలో అడిగినా, అడగాల్సిన మాటే అడిగావు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ గుంజుకుంటుంది. అందుకే రాస్తున్నా.

పోచమ్మ బోనాలనాడు మీ అవ్వ వెనక నడిచావు కదా. నెత్తిన చుట్టబట్ట, దాని మీద కుండ, కుండ మీద గురిగి అనే చిన్న ముంత, ఆపైన దీపం. గుడి మలుపు దాకా చెయ్యి పెట్టలేదు. ఎట్లా? కుండ ఎడమకు వాలబోతే ఆమె దాన్ని కుడికి గుంజలేదు. తనే ఎడమకు జరిగి కుండ కిందికి పోయింది. సైకిలు మీద ఆ కుండవి నువ్వే. అవ్వ కాళ్లే చక్రాలు. ఎడమకు ఒరుగుతుంటే హ్యాండిల్ కూడా ఎడమకే తిప్పాలి, అప్పుడు చక్రాలు నీ కిందికి వస్తాయి. నువ్వు భయపడి కుడికి గుంజావు. అందుకే మోకాలికి పసుపు పెట్టాల్సి వచ్చింది.

అయితే అవ్వ నిలబడ్డచోటే అటో అడుగు, ఇటో అడుగు వేయగలదు. చక్రానికి ఆ విద్య రాదు. దొర్లితేనే పక్కకు జరుగుతుంది. ఆగిన సైకిలుకు హ్యాండిల్ ఎంత తిప్పినా చక్రాలు నీ కిందికి రావు. అంటే నాన్న సైకిలు కూడా పడుతూనే ఉంటుంది చిట్టీ. పడబోయిన ప్రతిసారీ కిందికి పోయి అందుకుంటాడు, అంతే. ఇంకా దీపమంటావా, అది డైనమో లైటు. వేపకొమ్మలు హ్యాండిల్‌కు కట్టుకున్న రంగు కుచ్చులు. సీటు పట్టుకుని వెనక అరుస్తూ ఉరికే మీ నాన్న పోతరాజు. సరే, ఎక్కువైంది.

మా బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. 1934లో పెట్టిన మిల్లు, ఇప్పుడు లేదు. సైరన్ కూసిందంటే రోడ్డు నిండా సైకిళ్లే. రాత్రి షిఫ్టు చేసి బాపు పగలు పడుకుంటే, నేను ఆయన నల్ల సైకిలు మెల్లగా నడిపించుకుంటూ ఖిలా వరంగల్ మట్టికోట వాలు దగ్గరికి పోయేవాణ్ణి. సీటు నాకు అందదు. బార్ కింది నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా వంకర చేసుకుని కైంచీ తొక్కుడు. ఒకనాడు బ్రేకు అందక తుమ్మచెట్టులో పడ్డా. హ్యాండిల్ ఒంకరపోయింది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి సరిచేసి, మట్టి తుడిచి, ఎక్కడిది అక్కడే పెట్టా. సాయంత్రం బాపు ఎక్కి పదడుగులు పోయి ఆగాడు. దిగి సైకిలు చూడలేదు, నా కాళ్లు చూశాడు. ఒక్క మాట అనలేదు. మరునాడు తాళంచెవి గూట్లో నాకు అందేచోట ఉంది, టైర్లలో గాలి నిండుగా ఉంది. మీరూ ఎవరి సైకిలైనా తీసుకుంటే తుడిచి, గాలి కొట్టించే ఇవ్వండి.

నీకు నేర్పే పద్ధతి మీ నాన్నకు చెప్పు. సీటు దించి, రెండు పాదాలూ నేలకు ఆనేటట్టు చేసి, పెడళ్లు ఊడదీయాలి. చాలా సైకిళ్లకు 15 నంబరు పానా సరిపోతుంది. ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. తెలియక బలం చూపితే ఇంకా బిగుస్తుంది, నేను చూపించి చెడగొట్టినవాణ్ణే. తర్వాత కాళ్లతో నేలను తన్నుకుంటూ పో. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన రెండు చక్రాల బండి అచ్చం ఇదే, దానికి పెడళ్లే లేవు. తొక్కుడు తర్వాత వస్తుంది. ముందు రావాల్సింది కిందికి పోయి అందుకునే విద్య.

ఒక వింత చెప్పనా? మనిషి లేకుండా ఖాళీ సైకిలును జోరుగా తోసి వదిలితే, అది కూడా కొంతదూరం పడకుండా పోతుంది. ఒరిగిన వైపుకు దాని హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది! తిరిగే చక్రం బొంగరంలాంటిది, అదే నిలబెడుతుందని చాలామంది అన్నారు. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఆయన ముందు చక్రం పక్కన ఇంకో చక్రం బిగించి, దాన్ని వెనక్కి తిప్పి, ఆ బొంగరం బలాన్ని చెల్లు చేసి తొక్కాడు. పడలేదు. 2011లో నెదర్లాండ్స్, అమెరికా శాస్త్రవేత్తలు వేరే తీరు సైకిలు చేసి, బొంగరం బలం లేకుండానే అది తనకు తానుగా నిలబడుతుందని చూపారు. ఇంటి ముందు గోడకు ఆనించి ఉండే వస్తువు ఇంతమందిని తిప్పలు పెట్టింది. నాకైతే సంతోషంగానే ఉంది.

వాన పడి తెరిపిచ్చాక నాన్నను సైకిలు మీద ఓ నీళ్లగుంట దాటించి, పొడి సిమెంటు రోడ్డు మీదికి పోనివ్వు. ఉరికిపోయి గీతలు చూడు. వెనక చక్రం గీత తిన్నగా ఉంటుంది, ముందుది పాములా దాన్ని దాటుతూ పోతుంది. మెల్లగా తొక్కితే మెలికలు ఎక్కువ. ఎడమ మలుపు తిరిగేచోట కూర్చుని బాగా చూడు, తిరగబోయే ముందు ముందు చక్రం గీత రవ్వంత కుడికి పోయి వస్తుంది. అదెందుకో నన్నడగకు. గుడి మలుపు దగ్గర బోనంతో తిరిగేటప్పుడు పాదం ముందు ఎటు పోయిందో అవ్వనడుగు.

మీ తాత,
హన్మకొండ