గడ్డం గీశాక లేచే పొక్కులు: చిక్కంతా నునుపుతోనే

గడ్డం గీసుకున్న ఒకటి రెండు రోజులకు దవడ కింద, మెడ మీద ఎర్రటి గట్టి పొక్కులు లేస్తే, కొందరు బ్లేడు పడలేదని మారుస్తారు. కొందరు సూక్ష్మజీవుల పనే అనుకుని యాంటీసెప్టిక్ రుద్దుతారు. చాలాసార్లు అసలు కారణం మరీ నున్నగా గీయడం.

రింగులు తిరిగిన వెంట్రుక పుట్టే కుదురు కూడా వంకరగానే ఉంటుంది. చర్మాన్ని సాగదీసి, రెండు మూడు బ్లేడ్ల రేజర్‌తో ఎదురు గీస్తే వెంట్రుక కాస్త పైకి లేచి తెగుతుంది. చర్మం వదలగానే మిగిలిన మొన లోపలికి జారిపోతుంది. పదునెక్కిన ఆ మొన పెరిగేటప్పుడు కుదురు గోడను లోపలి నుంచే చీలుస్తుంది, లేదా బయటికొచ్చి వంగి పక్క చర్మంలోకి దిగుతుంది. ముల్లు దిగినచోట వాచినట్టే శరీరం అక్కడ వాపు పుట్టిస్తుంది. వైద్యులు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ అంటారు. చంకల్లో, తొడల మొదళ్లలో గీసుకునే స్త్రీలకూ ఇదే బాధ.

మందు రాసే ముందు ఇది అదేనా అని చూసుకోవాలి. గీసిన నిమిషాల్లోనే ఎర్రబడి మండి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది రాపిడి మంట మాత్రమే. మంచి వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టి చూడండి. పొక్కు మీద నల్లటి ఉంగరంలా వంగిన వెంట్రుక కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ప్రతి వెంట్రుక మొదట్లోనూ చీము తల కనిపిస్తూ, కొత్త చోట్లకు పాకుతుంటే బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు. పొలుసులతో గుండ్రంగా విస్తరిస్తూ, వెంట్రుకలు పట్టుకుంటే ఊడివస్తుంటే అది తామర కావచ్చు. అలాంటప్పుడు స్టెరాయిడ్ కలిసిన క్రీములు పైపైన ఎరుపు తగ్గించి, లోలోపల దాన్ని పెంచుతాయి.

అన్నిటికంటే బాగా పనిచేసే మందుకు ఖర్చే లేదు: సుమారు నాలుగు వారాలు రేజర్ ముట్టకపోవడం. మొదటి వారం పది రోజులు పొక్కులు ఇంకా ఎక్కువైనట్టు అనిపిస్తాయి. చాలామంది అక్కడే ఓపిక పోయి మళ్లీ గీసేస్తారు. వెంట్రుక ఒక సెంటీమీటరు దాకా పెరిగితే ఇరుక్కున్న మొన తనంతట తానే బయటికి లేస్తుంది. ఈలోగా గోరువెచ్చటి నీటిలో ముంచిన బట్టను పది నిమిషాలు అద్దితే చర్మం మెత్తబడుతుంది. ఉంగరంలా పైకి కనిపించే వెంట్రుకను శుభ్రం చేసిన సూదితో మెల్లగా ఎత్తి వదిలేయాలి. పీకితే కొత్త మొన కుదురు లోపలే మొదలై పాత కథే మళ్లీ మొదలవుతుంది.

తామర కాదని తేలి, దురద బాగా ఉంటే 1 శాతం హైడ్రోకార్టిసోన్ (తేలికపాటి స్టెరాయిడ్ క్రీము) పలచగా, వారం మించకుండా రాయొచ్చు. చీము పొక్కులకు బెంజాయిల్ పెరాక్సైడ్ మంచిది (తువ్వాళ్ల రంగు మాత్రం పోగొడుతుంది). రాత్రిపూట రాసే 0.1 శాతం అడాపలిన్ అనే పూతమందు కుదురు నోట పేరుకునే మృతకణాలను తగ్గిస్తుంది. మొదట్లో పొడిబారుతుంది కనుక రోజు విడిచి రోజు మొదలుపెట్టాలి. గర్భిణులు వాడకూడదు.

మళ్లీ గీయాల్సి వస్తే ట్రిమ్మర్‌తో 1 మిల్లీమీటరు వదిలి కత్తిరించడమే మేలు. రేజర్ తప్పదంటే స్నానం చేశాక, నురగ రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, ఒకే బ్లేడుతో, వెంట్రుక పెరిగే దిశలో, చర్మం సాగదీయకుండా గీయాలి. గీసినచోటే మళ్లీ గీయకూడదు. మెడ మీద వెంట్రుకలు ఒక్కోచోట ఒక్కో దిక్కుకు పెరుగుతాయి కాబట్టి ముందు వేలితో తడిమి దిశ తెలుసుకోవాలి. చేతికి కాస్త గరుకు తగలాలి, అంతవరకే.

జ్వరం వచ్చినా, నొప్పితో గడ్డ కట్టినా, పొక్కు మానినచోట మచ్చ ఉబ్బుతూ పెరుగుతున్నా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. మాటిమాటికీ తిరగబెట్టేవారికి, వేడితో వెంట్రుకల పెరుగుదలను తగ్గించే లేజర్ దారి ఉంది. చామనఛాయ, నల్లటి చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డి-యాగ్ రకం లేజర్ మిగతావాటికంటే సురక్షితం, ఎందుకంటే పైపొరలోని రంగు ఆ కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది. కొన్ని వారాల ఎడంతో పలు విడతలు పడుతుంది. లేజర్ వేడి కుదుర్లోని వెంట్రుకకే తగలాలి కనుక విడతల మధ్య ట్రిమ్మర్ వాడొచ్చు, పీకడం, వ్యాక్సింగ్ మాత్రం పనికిరావు.